మళ్ళీనా, వదిలేయనా, ఆపనా

బార్న్‌స్లీలో శనివారం.
చాపెల్ వెనక హాలు, పొద్దుటి నుంచీ ముసురు.
నా బల్ల మీదికి ముందు ఓ టోస్టరు, తర్వాత ఓ కుంటి గడియారం,
ఆ తర్వాత బొంతలో చుట్టిన పసిబిడ్డలా
పాత ఆమ్‌స్ట్రాడ్ ఒకటి.
ఎత్తుకొచ్చినాయన డెరిక్ ఓల్డ్‌రాయిడ్,
పావురాల క్లబ్బుకు ముప్పై ఏళ్ళు కార్యదర్శి.
"తిరగట్లేదు" అన్నాడు, తన మోకాలి గురించి చెప్పినట్టు.

మీట నొక్కాను. పచ్చటి తెర మీద
అక్షరాలు వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాయి:
డ్రైవ్ ఏ. చదవలేకపోయాను.
మళ్ళీనా, వదిలేయనా, ఆపనా?
ఎంత మర్యాద!
మా ఆసుపత్రి ల్యాబులో యంత్రాలు
ఎర్రలైటు వేసి అరుస్తాయే తప్ప
ఒక్కటీ నన్నిలా అడిగిన పాపాన పోలేదు.

మూత విప్పితే తెలిసింది.
మోటారుకీ చక్రానికీ మధ్య రబ్బరు బెల్టు
ముదురుపాకమై, నల్లగా, వేలికంటుకుని సాగింది.
అన్నేళ్ళు కదలకుండా కూర్చుంటే
రబ్బరు మాత్రం ఏం చేస్తుంది.
స్పిరిట్‌లో ముంచి గాడంతా తుడిచాను,
పదకొండు దూదిపుల్లలు నల్లబడ్డాయి.
తర్వాత హెడ్డు. చెవిలో గుబిలి తీసినంత నెమ్మదిగా.
హెడ్డంటే తలే కదా,
అది చదివిందే డిస్కుకి తలరాత!
ఆయనకి ఇంగ్లీషులో చెప్పబోయి మానుకున్నాను.

కొత్త బెల్టు వేశాను, నా డబ్బాలో ఎప్పుడూ రెండుంటాయి.
ట్యూబులైటు కింద చక్రం అంచు గీతలు
వెనక్కి పాకుతున్నాయి. వేగం చాల్లేదు.
స్క్రూ వీసమెత్తు తిప్పాను. ఇంకో వీసం.
గీతలు ఆగాయి.
తిరిగేది తిరగనట్టు కనిపించిందా,
సరిగ్గా తిరుగుతున్నట్టు లెక్క.

ఆయన చెప్పుకుపోతున్నాడు:
ఎనభై ఏడు, జూన్, లెర్విక్ నుంచి పందెం.
సముద్రం దాటి పావురం గూడు చేరాక
కాలి రబ్బరు రింగు తీసి గడియారంలో వేయాలి,
అప్పుడే చేరినట్టు.
ఈయన నీలి పెట్టకీ, వాల్టర్ హెప్‌వర్త్ పోతుకీ
తేడా నిమిషానికి అర గజం.
చేత్తో కూడి తీర్పు చెప్పిందీ ఈయనే,
కప్పు అల్మారాలో పెట్టుకున్నదీ ఈయనే.
హెప్‌వర్త్ ఆనాటి నుంచీ
దారిలో ఎదురైతే తన కుక్కతో మాట్లాడతాడు.
కాగితాలు షెడ్డులో నీళ్ళొచ్చి పోయాయి.
మేనల్లుడు అంకెలెక్కించిన ఈ మూడంగుళాల డిస్కే మిగిలింది,
ఎవరూ తెరిచి చూడలేదట.
"చూపిస్తే నోరు మూస్తాడు. ఎనభై నాలుగొచ్చాయి వాడికి."

డిస్కు పెట్టాను.
కుర్ర్... టక్. నత్తివాడు తన పేరు చెప్పబోయినట్టు
టక్, టక్.
మళ్ళీ అన్నాను. మళ్ళీ.
బయటికి తీసి, అరచేతిలో తట్టి, మళ్ళీ.
ఏప్రిల్ వచ్చింది, మే వచ్చింది,
రింగు నెంబర్లు చీమలబారులా పైకి పాకాయి.
జూన్ దగ్గర ఆగింది.
మళ్ళీనా, వదిలేయనా,

మళ్ళీ.

వచ్చింది.

కళ్ళద్దాలు నుదుటికి తోసి
తెరకు వేలానించి చదివాడు, ఒక్కో అంకె.
వేలు కింది వరస నుంచి పై వరసకు పోయింది, వచ్చింది, పోయింది.
వాన రేకుల మీద కొడుతోంది.
నాకు గజాల లెక్క రాదు.
పైన ఎవరి పేరుందో మాత్రం చూశాను.

"ఆపేయమ్మా" అన్నాడు.
"ఈ డిస్కు చదవలేదు కదూ?"
"లేదు" అన్నాను.
రసీదులో రాశాను: బెల్టు కరిగింది, మార్చాము.

మరుసటి శనివారం అదే బొంతలో
వెండి కప్పు తెచ్చాడు.
చెక్కిన పేరు పోతుందా, అని అడిగాడు.
వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాను.
పూర్తిగా పోదు, అన్నాను.
కింద చోటుంది.